టైపు మాస్టారు, నాన్న గొలుసుకట్టు, నా మొదటి ఉద్యోగం

మా టైపు మాస్టారు పోయారని పోయిన వారం గుడివాడ నుంచి ఫోనొచ్చింది. చెప్పినావిడ నాతో పాటు ఉదయం ఏడు గంటల బ్యాచ్‌లో నేర్చుకున్నదే. తొంభై దగ్గరపడిన మనిషి, మంచాన పడకుండా వెళ్లిపోయారట. కాసేపు ఇద్దరికీ మాట రాలేదు. తరవాత ఆగకుండా మాట్లాడుకున్నాం. మర్నాడు కుట్టుమిషనుకి నూనె వేస్తుంటే ఆ వాసనకి ఇన్‌స్టిట్యూట్ మొత్తం గుర్తొచ్చింది. మిషను నూనె, కిరసనాయిలు, రిబ్బను సిరా కలిసిన వాసన అది. అక్కడ నేర్చుకున్నవాళ్లెవరూ మరిచిపోరు.

ఉద్యోగం ఎలా వచ్చిందని మా పిల్లలు అడిగినప్పుడల్లా ముక్కలు ముక్కలుగా చెబుతూ వచ్చాను. ఈసారి మొదటి నుంచీ రాయాలనిపించింది. మొదలంటే మాస్టారి కన్నా ముందు నాన్న సంగతి రావాలి.

కరణం గారి పెట్టె

నాన్న మా ఊరి కరణం, అంటే ఊరి భూముల లెక్కలు రాసే గ్రామాధికారి. తాతగారిదీ అదే పని, ఆయన తండ్రిదీ అదే పని. మా వసారాలో గోడవారగా పెద్ద చెక్కపెట్టె ఉండేది. అందులో అడంగళ్లు, అంటే ఏ పొలం ఎవరి సాగులో ఉందో, ఏ పైరు వేశారో రాసే పుస్తకాలు, రైతువారీ ఖాతాల పది ఒకటి లెక్కలు, సర్వే పటాలు, రసీదు పుస్తకాలు. పిల్లలం దాని మీద కూర్చోకూడదు. ఫసలీ అంటే రెవెన్యూ లెక్కల సంవత్సరం, జూలై 1న మొదలై జూన్ 30న ముగుస్తుంది. మా ఇంట్లో ఆ రెండు తేదీలకీ పండగలకున్నంత హడావిడి. జమాబందీ, అంటే పై అధికారులు ఏటా ఊరి లెక్కలు తనిఖీ చేసే రోజు, దగ్గర పడితే నాన్న రాత్రి పొద్దుపోయేదాకా లాంతరు దగ్గర కూర్చుని రాసేవారు. నిబ్బు కాగితం మీద గీరుకునే చప్పుడు వింటూ నిద్రపోయేవాళ్లం.

ఆయన రాసేది గొలుసుకట్టు. కలం ఎత్తకుండా, అక్షరం అక్షరాన్ని పట్టుకుని పోతూ ఉండేది. తలకట్లు ఉండవు, సగం మాటలకి పొట్టి గుర్తులే. బయటివాళ్లకి ఒక్క ముక్క అర్థం కాదు. నాకు మాత్రం చిన్నప్పుడే అబ్బింది. నాన్న పక్కన కూర్చుని, ఆయన చదువుతుంటే వేలితో వెంబడించి చూసేదాన్ని. సర్వే నంబరు, విస్తీర్ణం, రైతు పేరు, పైరు. 'ఎ. 2-45 సెం.' అని ఆయన రాస్తే అది ఏ దిబ్బ పక్క చెక్కో చెప్పగలిగేదాన్ని.

1984 జనవరిలో ఎన్.టి. రామారావు గారి ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి గ్రామాధికారుల పోస్టులన్నీ రద్దు చేసింది. కరణాలు, మునసబులు రాష్ట్రమంతటా ఒక్కసారిగా పని పోయి ఇంట్లో కూర్చున్నారు. తరవాత సుప్రీంకోర్టు కూడా ఆ రద్దు చెల్లుతుందనే చెప్పింది. అది మంచి పనేనని అన్నవాళ్లు మా వీధిలోనే ఉండేవాళ్లు. కరణాల చేతిలో ఇబ్బంది పడ్డ కుటుంబాలు ఎన్నో ఉన్నాయి, వాళ్ల మాట కాదనలేం. నేను చూసింది మాత్రం మా ఇంట్లో జరిగింది. 1393 ఫసలీ అడంగల్ సగం రాసి ఉంది. రికార్డులన్నీ తాలూకా ఆఫీసులో అప్పజెప్పమని కబురొచ్చింది. నాన్న రెండు రోజులు కూర్చుని ఒక్కొక్క పుస్తకానికీ పేజీలు లెక్కపెట్టి జాబితా రాశారు. ఎడ్లబండి మీద పెట్టెతో సహా తీసుకెళ్లి, రసీదు తెచ్చుకుని, ఆ రసీదుని గీతల బట్టలో చుట్టి దేవుడి గూట్లో పెట్టారు. మర్నాటి నుంచి పొద్దున్నే స్నానం చేసి వసారాలోకి వచ్చి, కూర్చోడానికి చోటు తెలియనట్టు నిలబడేవారు.

పెద్దదాన్ని నేను. డిగ్రీ చివరి సంవత్సరం.

ఏం చదివించాలి

మాకు మూడెకరాలు. దాని మీద ఇల్లు గడుస్తుంది గానీ పిల్లల చదువులు గడవవు. నాకు లెక్కల టీచరునవ్వాలని ఉండేది. బి.ఇడి. సీటు దొరకాలి, దొరికినా ఇంకో ఏడాది ఖర్చు. అమ్మ మనసులో పెళ్లి. నాన్న ఏమీ అనేవారు కాదు.

తేల్చింది మా మేనమామ. విజయవాడలో రైల్వేలో పని చేసేవాడు. సంక్రాంతికి వచ్చినప్పుడు భోజనాల దగ్గర అన్నాడు: "బావగారూ, పిల్లని టైపులో చేర్పించండి. బి.ఇడి. వస్తే వస్తుంది, పోతే పోతుంది. టైపు హయ్యర్ సర్టిఫికెట్ చేతిలో ఉందంటే ఎక్కడో ఓ చోట కుర్చీ దొరుకుతుంది."

"మగపిల్లలతో పాటు మేడెక్కి నేర్చుకోవాలిట్రా?" అంది అమ్మ.

"అక్కా, సగం మంది ఆడపిల్లలే ఇప్పుడు. వెళ్లి చూడు."

అమ్మ నిజంగానే వెళ్లి చూసింది. నన్ను వెంటబెట్టుకుని గుడివాడ బస్సెక్కి, ఇరుకు మెట్లు ఎక్కి, గుమ్మంలో నిలబడి లోపలికి చూసింది. వరసగా మిషన్లు, ప్రతి మిషను ముందూ నిటారుగా కూర్చున్న పిల్లలు, ఒక్కరూ పక్కకి చూడ్డం లేదు. మాస్టారు కుర్చీలోంచి లేచి నమస్కారం పెట్టి, "అమ్మగారూ, ఇక్కడ మాటలుండవు. మాట్లాడితే వినపడదు కూడా" అన్నారు. అమ్మ అక్కడికక్కడే ఒప్పుకుంది.

ఏడు గంటల బ్యాచ్

ఇన్‌స్టిట్యూట్ పొద్దున్న ఆరింటికి తెరిచేవారు, రాత్రి తొమ్మిదింటికి మూసేవారు. గంటకో బ్యాచ్. నాది ఏడింటిది, ఎందుకంటే మా ఊరి మొదటి బస్సు ఆ వేళకే దింపుతుంది. అక్కణ్నుంచి అటే కాలేజీకి. ఆరు గంటల బ్యాచ్ వాళ్లు మెట్లు దిగుతుంటే మేం గోడకి ఆనుకుని దారి ఇచ్చేవాళ్లం. సీటు అప్పటికింకా వెచ్చగా ఉండేది.

కొత్తగా చేరినవాళ్లకి పాత రెమింగ్టన్‌లే. బరువైన కీలు, చిటికెన వేలితో 'ఏ' కొడితే కాగితం మీద నీడలాంటి అక్షరం పడేది. లోయర్ పాసైనవాళ్లకి హాల్డా, హయ్యర్ వాళ్లకి గోద్రెజ్. గోద్రెజ్ వాళ్లు 1955లో మన దేశంలో టైప్‌రైటర్ తయారు చేశారని మాస్టారు చాలా గర్వంగా చెప్పేవారు. పై వరసలోని మిషను దగ్గరకి మారడమంటే మాకు పై క్లాసుకి వెళ్లినట్టే.

మొదటి పాఠం అందరికీ ఒకటే. ఏ ఎస్ డి ఎఫ్ జి ఎఫ్, సెమికోలన్ ఎల్ కె జె హెచ్ జె. అదే పేజీ నిండా. తిప్పి రెండో వైపు కూడా అదే. రోజుల తరబడి అదే. బస్సులో కూర్చుని ఒళ్లోని పుస్తకాల మీద వేళ్లు వాటంతటవే కొట్టేవి. అన్నం తింటూ ఎడమ చేత్తో పీట మీద కొడుతుంటే అమ్మ చేతి మీద ఒక్కటి వేసేది. కీల మీది అక్షరాలు చాలా మిషన్లలో అరిగిపోయి ఉండేవి. చూద్దామన్నా కనబడవు. మాస్టారు కావాలనే వాటిని మార్పించలేదనుకుంటాను.

ఆయన చూసేవారు కాదు, వినేవారు. పాతిక మిషన్లు ఒకేసారి మోగుతుంటే, కళ్లు మూసుకుని గది మధ్యలో నిలబడి, "మూడో మిషను అమ్మాయ్, నీ ఎడమ చిటికెన వేలు నిద్రపోతోంది" అనేవారు. నిజంగా అదే వేలు. నాలుగు వేళ్ల దెబ్బ ఒకలాగా, ఒక వేలిది మెత్తగా ఉంటే ఆ తేడా ఆయన చెవికి అందేది. కాగితం తీసిచ్చాక అక్షరాలు చదివేవారు కాదు ముందు. తిప్పి, వెనకవైపు వేలితో తడిమేవారు. గట్టిగా కొట్టేవాళ్లకి 'ఓ' అక్షరం దగ్గరా, ఫుల్‌స్టాప్ దగ్గరా కాగితం చిల్లుపడుతుంది. మెత్తగా కొట్టేవాళ్లకి వెనక ఏమీ తగలదు. పేజీ అంతా ఒకే గరుకు తగిలితేనే ఇంకో పాఠం.

ఇంకా చాలా నేర్పారు. చాలా మిషన్ల మీద ఒకటి అంకె ఉండదు, చిన్న 'ఎల్' కొట్టాలి. ఆశ్చర్యార్థకం ఉండదు. అపాస్ట్రఫీ కొట్టి, బ్యాక్‌స్పేస్ నొక్కి, దాని కింద చుక్క పెట్టాలి. లైను చివరికి వస్తుంటే మిషను గంట మోగుతుంది. మోగాక ఇంకా కొన్ని అక్షరాలకే చోటుంటుంది. మాట పూర్తవుతుందా, విరగ్గొట్టాలా అన్నది ఆ క్షణంలోనే తేల్చుకోవాలి. హెడ్డింగు నట్టనడుమ రావాలంటే అక్షరాలు లెక్కపెట్టి, సగం చేసి, కాగితం మధ్య నుంచి అన్నిసార్లు వెనక్కి రావాలి. ఇప్పుడు ఒక్క నొక్కుతో అయ్యే పని. మేం వేళ్ల మీద లెక్కేసుకునేవాళ్లం. లెక్కలంటే ఇష్టం కాబట్టి స్టేట్‌మెంట్లు, అంటే గళ్ల పట్టికలు కొట్టడం నాకు అన్నిటికన్నా నచ్చేది.

ఆదివారం శుభ్రం చేసే రోజు. ఫీజు ఇవ్వలేక మానేస్తామన్న పిల్లలకి మాస్టారు ఆ పని అప్పజెప్పి ఫీజులో తగ్గించేవారు. నేనూ చాలాకాలం చేశాను. పాత టూత్‌బ్రష్‌ని కిరసనాయిల్లో ముంచి అక్షరాల ఇనప అచ్చులు తోమాలి. 'ఇ', 'ఓ', 'ఏ' కడుపుల్లో సిరా గట్టిపడి ఉంటుంది, గుండుసూదితో తియ్యాలి. ఆరిపోయిన రిబ్బను తిరగేసి చుట్టాలి. సాయంత్రానికి గోళ్ల సందులన్నీ నలుపే. మిషను ఒళ్లు విప్పి చూశాక దాని మీద భయం పోయింది. రెండు అచ్చులు ఒకదాన్నొకటి పట్టుకుని ఇరుక్కుంటే మిగతా పిల్లలు మాస్టారిని పిలిచేవాళ్లు, నేను వేలితో విడదీసి ముందుకి పోయేదాన్ని.

షార్ట్‌హ్యాండ్ కూడా మొదలుపెట్టాను. ఐజాక్ పిట్‌మన్ 1837లో తెచ్చిన పద్ధతి. సన్నగీత 'పి', అదే గీత లావుగా గీస్తే 'బి'. పుస్తకం ఇంటికి తెచ్చినరోజు నాన్న చేతిలోకి తీసుకుని చాలాసేపు తిప్పి చూశారు. పెట్టె వెళ్లిపోయాక ఆయన ఒక పుస్తకాన్ని అంత శ్రద్ధగా చూడటం నేను అప్పుడే చూశాను. "వీళ్లదీ గొలుసుకట్టేనే" అన్నారు. ఆ రాత్రి నా నోట్సులో కొన్ని గీతలు గీసి, "ఇది ఏమిటి, ఇది ఏమిటి" అని అడిగి చెప్పించుకున్నారు.

పరీక్షకి మిషన్ల ప్రయాణం

టైపు పరీక్షలు సాంకేతిక విద్యా మండలి పెడుతుంది. లోయర్‌కి నిమిషానికి 30 మాటలు, హయ్యర్‌కి 45. అయిదు దెబ్బలు ఒక మాట కింద లెక్క. పరీక్ష కేంద్రంలో మిషన్లుండవు, మనమే తీసుకుపోవాలి. పరీక్ష ముందురోజు ఇన్‌స్టిట్యూట్ మొత్తం మెట్లు దిగేది. ఒక్కొక్క మిషన్నీ పాత దుప్పట్లో చుట్టి, కాగితాన్ని పట్టుకుని పక్కకి జరిగే క్యారేజి కదలకుండా తాడుతో కట్టి, పేరు రాసిన చీటీ అంటించి వ్యానుకెక్కించేవాళ్లు. మాస్టారు వాటితో పాటే వెనక కూర్చుని వెళ్లేవారు. ముందు సీట్లో చోటున్నా కూర్చునేవారు కాదు.

హాల్లో వంద మందికి పైనే ఉండేవాళ్లం. ఇన్విజిలేటరు "స్టార్ట్" అనగానే ఏం జరిగేదో ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. మొదటి లైను అందరికీ ఇంచుమించు ఒకేసారి అయిపోతుంది, వంద గంటలూ కలిసి మోగుతాయి. రెండో లైనుకి కొంచెం చెదురుతాయి. అయిదో లైనుకి ఎవరి గంట వాళ్లది. పక్కవాళ్ల గంట మనకన్నా ముందు మోగితే గుండె దడ. "పక్క గంట వినకండి, మీ గంటే వినండి" అని మాస్టారు మెట్ల మీద చెప్పి పంపేవారు. పది నిమిషాలు. తరవాత ఒక్కసారిగా నిశ్శబ్దం, వేళ్లు మాత్రం బల్ల మీద ఇంకా ఆడుతూనే ఉండేవి.

హయ్యర్ పాసయ్యాక తెలుగు టైపు కూడా చేశాను. అది వేరే ప్రపంచం. కొన్ని కీలు కొడితే క్యారేజి కదలదు, అక్షరానికి కావలసినవన్నీ పేర్చుకున్నాకే జరుగుతుంది. చాలామంది ఇంగ్లీషుతో ఆపేసేవాళ్లు. మాస్టారు నాతో, "1966లోనే అధికార భాషా చట్టం వచ్చిందమ్మా. ఇవాళ కాకపోతే రేపైనా ఆఫీసుల్లో తెలుగు మిషను ముందు కూర్చునేవాళ్లు కావాలి. నేర్చుకో" అన్నారు. అంత ముందుచూపుతో నాకు ఇంకెవరూ సలహా ఇవ్వలేదు.

బందరు ప్యాసింజరు

మా జిల్లా కేంద్రం బందరు, అంటే మచిలీపట్నం. ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజి అక్కడే. గుడివాడలో ప్యాసింజరెక్కి పోయేవాళ్లం. పేరు నమోదు చేసుకోవాలి, కొత్తగా ఏ పరీక్ష పాసైనా మళ్లీ వెళ్లి కార్డులో రాయించుకోవాలి, మూడేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి. రెన్యువల్ తేదీ దాటితే సీనియారిటీ పోతుందని భయం. ఆ కార్డుని ఇళ్లలో రేషను కార్డు కన్నా భద్రంగా దాచేవాళ్లు. ఖాళీలను ఎక్స్ఛేంజికి తప్పక తెలపాలన్న చట్టం 1959 నాటిది. ఆఫీసులో ఖాళీ రాగానే వాళ్లు పేర్లు అడిగేవారు, ఎక్స్ఛేంజివాళ్లు సీనియారిటీని బట్టి పంపేవారు. ఉత్త డిగ్రీవాళ్ల వరస కొండవీటి చాంతాడు. టైపు హయ్యర్ ఉన్నవాళ్ల వరస వేరు, అది చాలా పొట్టిది. మామయ్య చెప్పిన కుర్చీ సంగతి ఆ కిటికీ ముందు నిలబడ్డాక నాకు బోధపడింది.

ఎక్స్ఛేంజి పంపిన పేర్లు మాత్రమే చూస్తే చాలదనీ, పత్రికల్లో కూడా ప్రకటించి అందరికీ అవకాశమివ్వాలనీ సుప్రీంకోర్టు 1996లో చెప్పింది. ఆ కేసు మా కృష్ణా జిల్లా ఎక్సైజు శాఖ నియామకాల మీదే నడిచింది. ఆ తీర్పు వచ్చేనాటికి నేను ఉద్యోగంలో పాతదాన్నయిపోయాను. కార్డు లేదని, పేరు రాలేదని ఇంట్లో కూర్చుండిపోయిన నా తోటివాళ్లెందరో గుర్తొచ్చారు. అది ఇంకో పదేళ్లు ముందు వచ్చి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

ఆ రోజుల్లో అప్లికేషను పెట్టడమే ఒక పని. జిరాక్సు మిషను మా పక్కకి ఇంకా సరిగ్గా రాలేదు. మార్కుల లిస్టుని అక్షరం పొల్లుపోకుండా టైపు చేసి, కింద 'ట్రూ కాపీ' అని కొట్టి, గెజిటెడ్ ఆఫీసరు సంతకం తీసుకోవాలి. మా గుడివాడ పిల్లలకి దిక్కు పశువుల డాక్టరు గారు. ఎద్దుకి సూది వేసి, చేతులు కడుక్కుని, ఆకుపచ్చ సిరాతో వరసగా సంతకాలు పెట్టేవారు. ఒరిజినల్ పక్కన పెట్టుకుని ప్రతి అంకే సరిచూసేవారు, ఎంతమంది ఉన్నా సరే. పోస్టల్ ఆర్డరు, ఫొటో, స్టాంపు అంటించిన సొంత అడ్రసు కవరు, నాలుగో తరగతి నుంచి పదో తరగతి దాకా స్టడీ సర్టిఫికెట్లు. లోకల్ అని నిరూపించుకోవాలి కదా. 1975 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం అప్పట్లో జిల్లా స్థాయి పోస్టుల్లో నూటికి 80 ఆ జిల్లావాళ్లకే.

ఈలోగా 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. రాష్ట్రంలో వెయ్యికి పైగా కొత్త మండలాలు. ప్రతిదానికీ ఓ ఆఫీసు, ప్రతి ఆఫీసుకీ గుమాస్తాలు, టైపిస్టులు కావాలి. నాన్న పని తీసేసిన ప్రభుత్వమే నాకు కుర్చీ తయారు చేస్తోందని మా ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. అందరికీ తెలుసు.

నాన్న భుజం మీద మిషను

టైపు పరీక్షకి రమ్మని కలెక్టరాఫీసు నుంచి కార్డొచ్చింది. ఎవరి మిషను వాళ్లు తెచ్చుకోవాలని కింద రాసి ఉంది. మాస్టారు చదివి, హయ్యర్ వరసలో నేను రోజూ కూర్చునే గోద్రెజ్ మీద చెయ్యి వేసి, "ఇదే తీసుకెళ్లు. నీ చేతికి తెలిసిన మిషను. అద్దె మాట ఎత్తకు" అన్నారు. రాత్రి కూర్చుని తనే కొత్త రిబ్బను ఎక్కించారట.

రిక్షాలో స్టేషను దాకా వచ్చాం. ప్లాట్‌ఫారం మీద కూలీ కనబడలేదు. బండి కదలబోతోంది. నాన్న కండువా చుట్టగా చుట్టి భుజాన వేసుకుని, ఆ దుప్పటి మూటని ఎత్తి పెట్టుకున్నారు. అది పదీ పదిహేను కిలోల ఇనుము. కలం, పటాల చుట్ట తప్ప ఇంకేదీ మోయగా నేను చూడని మనిషి. ఎదురుపడ్డవాళ్లలో ఆయన్ని ఎరిగినవాళ్లు ఉన్నారు. "అదేమిటి కరణం గారూ!" అని ఒకాయన చెయ్యి వెయ్యబోతే, "ఫర్వాలేదండీ, అమ్మాయి పరీక్షకి" అని నడిచారు. బందరు స్టేషనులో దిగాక కూడా నన్ను ముట్టుకోనివ్వలేదు. "నీ చేతులు వణుకుతాయి. నీకవాళ చేతులతోటే పని" అన్నారు.

పరీక్ష గురించి చెప్పడానికి పెద్దగా లేదు. ఇచ్చిన డ్రాఫ్టుని ఫెయిర్ చెయ్యడం, ఒక గళ్ల పట్టిక. నా గంటే విన్నాను.

ఆర్డరు రిజిస్టర్డ్ పోస్టులో వచ్చింది. తాత్కాలిక నియామకం, ఎప్పుడైనా తీసెయ్యవచ్చని రెండో పేరాలోనే ఉంది. కొన్నాళ్లకి పబ్లిక్ సర్వీస్ కమిషన్ పరీక్ష రాసి పాసయ్యాకే అది గట్టి ఉద్యోగం అయింది. పోస్ట్‌మన్ సంతకం పెట్టించుకుని, అక్కడే నిలబడి, "ఏమిటమ్మా అది" అని అడిగాడు. వీధిలో అందరికన్నా ముందు తెలిసింది అతనికే.

మా మండలంలోనే

పోస్టింగు మా ఊరు కలిసిన మండలానికే. ఆఫీసంటే అద్దె ఇల్లు. ముందు వసారాలో అటెండరు, హాల్లో గుమాస్తాలు, పడగ్గదిలో ఎమ్మార్వో గారు, అంటే మండల రెవెన్యూ అధికారి. వంటగదిలో రికార్డులు. అరుగుల మీద, అటక మీద, తాలూకా నుంచి పంచి తెచ్చిన మూటలు.

పొద్దుటి పూట చేరాలని నాన్న పట్టు. జాయినింగ్ రిపోర్టులో ఫోర్‌నూన్ అని పడితే ఆ రోజు కూడా సర్వీసులో కలుస్తుంది. సర్వీసు రిజిస్టరు తెరిచారు. పుట్టుమచ్చలు రెండు రాసుకున్నారు. తండ్రి పేరు చదివి ఎమ్మార్వో గారు తలెత్తి, "ఏమ్మా, మీ నాన్నగారు కరణం చేశారా?" అన్నారు. అవునన్నాను. బయట అరుగు మీద ఉన్నారని తెలిసి అటెండరుని పంపి లోపలికి పిలిపించి కుర్చీ వేయించారు. ఆయన మంచితనం అది.

పని తొందరగానే పట్టుబడింది. డ్రాఫ్టు వస్తుంది, ఫెయిర్ కొట్టాలి, ఒకరు చదువుతుంటే ఒకరు కంపేర్ చెయ్యాలి, సంతకమయ్యాక డిస్పాచికి. నాలుగు కార్బన్లు పెట్టి కొడితే అడుగు కాపీ కూడా చదివేటట్టు రావాలి. మాస్టారు కాగితం వెనక తడిమింది దీనికోసమే. ఎక్కువ కాపీలు తియ్యాల్సిన సర్క్యులర్లకి స్టెన్సిల్ కొట్టేటప్పుడు మీట జరిపి రిబ్బను తప్పించాలి. అక్షరం నేరుగా మైనపు కాగితాన్ని కోస్తుంది. తప్పుపడితే ఎర్రటి ద్రవం పూసి ఆరేదాకా ఊదుతూ కూర్చోవాలి. తరవాత అటెండరు సైక్లోస్టైల్ మిషను తిప్పేవాడు, ఒక్కొక్క కాగితం తడిగా జారేది. 1990 మే తుఫాను తరవాత నష్టపరిహారం జాబితాలు కొట్టిన రోజుల్లో కరెంటు లేదు. టైపు మిషనుకి కరెంటుతో పనేముంది? రెండు పెట్రోమాక్సులు పెట్టుకుని రాత్రుళ్లు కొట్టాం. కూలిన ఇల్లు, పోయిన గేదె, మనిషి పేరు. ఒక్క పేరు తప్పు పడినా ఆ ఇంటికి డబ్బు ఆగిపోతుంది. నా జీవితంలో అంత భయంతో ఎప్పుడూ టైపు చెయ్యలేదు.

అసలు చెప్పాలనుకున్నది చేరిన మొదటి వేసవిలో జరిగింది. ఒక రైతు కోర్టు వ్యవహారం కోసం పాత అడంగల్ నకలుకి దరఖాస్తు పెట్టాడు. మూట విప్పి పుస్తకం తీశారు. కొత్తగా వచ్చిన గుమాస్తాలెవరికీ ఆ రాత అర్థం కాలేదు. సీనియర్ అసిస్టెంటు గారు కళ్లజోడు మార్చి మార్చి చూసి, "పాత కరణాల గొలుసుకట్టు. ఎవరినైనా పిలిపించాల్సిందే" అన్నారు. నేను లేచి వెళ్లి చూశాను. అది మా ఊరిది కాదు, పక్క ఊరి కరణం గారి రాత. గీత వేరు, పద్ధతి అదే. వేలు పెట్టి చదివాను. సర్వే నంబరు, విస్తీర్ణం, పట్టాదారు, అనుభవదారు, పైరు. ఆయన చదవమన్న చోటల్లా చదివాను. ఆ రైతు అరుగు మీంచి లోపలికి వంగి, "అదేనమ్మా, మా తాత పేరే" అన్నాడు.

ఆ రోజు నుంచి పాత రికార్డుల నకళ్లన్నీ నా బల్ల మీదికే. గొలుసుకట్టు చదివి, అప్పటికప్పుడు తెలుగు మిషను మీద కొట్టి ఇచ్చేదాన్ని. ఆ పని చెయ్యగల టైపిస్టు చుట్టుపక్కల మండలాల్లో లేక, అక్కణ్నుంచి కూడా పుస్తకాలు పంపేవాళ్లు. రైతులు నన్ను 'టైపమ్మగారు' అనేవాళ్లు. కొన్ని గుర్తులు నాకు తెలియకపోతే కాగితం మీద అచ్చు దించి ఇంటికి తెచ్చేదాన్ని. నాన్న భోజనం ముందు ఆపేసి చూసేవారు. "ఇది అర్ధణా లెక్కమ్మా, మీ తాత కాలం నాటిది." "ఇది దాళవా అనడానికి." మెల్లగా ఆయన సాయంత్రాలు నా బస్సు వేళకి అరుగు మీద కూర్చోవడం మొదలుపెట్టారు. నేను గుమ్మం ఎక్కీ ఎక్కకముందే, "ఇవాళేమైనా తెచ్చావా?" అని అడిగేవారు.

మా ఊరి 1393 ఫసలీ పుస్తకం కూడా ఆ వంటగదిలోనే దొరికింది. జనవరి దాకా నిండి, తరవాత పేజీలన్నీ తెలుపు. దాని సంగతి నాన్నకి చెప్పాను. "జాబితాలో ఎన్నో నంబరు?" అని మాత్రం అడిగారు. చెప్పాను. దేవుడి గూట్లోంచి రసీదు తీసి సరిచూసుకుని, "సరిపోయింది" అన్నారు.

జీతం

కొత్తగా చేరినవాళ్లకి మొదటి జీతం ఆలస్యమవుతుంది. బిల్లు సబ్ ట్రెజరీకి వెళ్లి, అభ్యంతరాలతో తిరిగొచ్చి, మళ్లీ వెళ్లి, మూడు నెలలది కలిపి ఒకేసారి వచ్చింది. రెవెన్యూ స్టాంపు మీద సంతకం పెట్టి తీసుకున్నాను. అమ్మకి చీర, తమ్ముడికి కాలేజీ ఫీజు, షావుకారు బాకీ కొంత. ఇవి అందరి ఇళ్లలోనూ ఉండేవే.

ఆదివారం చెల్లిని తీసుకుని ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్లాను. మాస్టారు కిరసనాయిలు చేతులు గుడ్డకి తుడుచుకుంటూ వచ్చారు. స్వీటు పొట్లం పక్కన పెట్టి, ఆఫీసులో నేను కొట్టిన సర్క్యులరు కాపీ అడిగి తీసుకున్నారు. స్టెన్సిల్‌తో తీసింది కదా, వెనక తడమడానికి ఏమీ లేదు. మార్జిన్లు చూశారు, హెడ్డింగు మధ్యన ఉందా లేదా చూశారు. గోడకున్న మేకుకి గుచ్చారు. అక్కడ అప్పటికే చాలా కాగితాలున్నాయి, బ్యాంకులవీ, కోర్టులవీ, రైల్వేవీ.

చెల్లి ఫీజు నేను ఇస్తే లెక్కపెట్టి తీసుకుని రసీదు రాసిచ్చారు. ఆదివారం పని దానికి వద్దన్నాను. వినలేదు, తనూ చేస్తానంది. అది టైపుతో ఆగలేదు. షార్ట్‌హ్యాండ్ చివరిదాకా చదివి, కోర్టులో స్టెనోగా చేరి, ముప్ఫై ఏళ్లకి పైగా జడ్జీల తీర్పులు రాసుకుని మొన్నీమధ్యే రిటైరయింది. మా ఇద్దరిలో స్పీడు ఎప్పుడూ దానిదే ఎక్కువ.